హాబ్ కొనేముందు వంటగట్టు కింద చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక గృహాలంకరణ పేజీలో ఇటీవల వంటగదుల తీరుతెన్నులపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వంటగట్టులోకి దించి అమర్చే పొయ్యిని, అంటే హాబ్‌ను ఎంచుకోవడానికి అందులో మూడు ప్రమాణాలు చెప్పారు: గాజు పలక రంగు, బర్నర్ల సంఖ్య, గట్టు రాతితో అది కలిసిపోయే తీరు. హాబ్‌లు బిగించి, బాగుచేసే వృత్తిలో ఉన్నవాడిగా ఆ మూడూ చివర చూడవలసిన సంగతులని మనవి చేయడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. గట్టు మీద పెట్టుకునే మామూలు పొయ్యి నచ్చకపోతే దాన్ని తీసేసి ఇంకొకటి తెచ్చుకోవచ్చు. హాబ్ కోసం రాతిని కోస్తారు, గ్యాస్ గొట్టాన్నో విద్యుత్ తీగనో అరల వెనుక నుంచి లాగుతారు, కాబట్టి కొన్నది సరిపడలేదని తర్వాత తెలిసినా మార్చడం చిన్న పని కాదు. ఏ ఇంటికి ఏ హాబ్ సరిపోతుందన్నది గట్టు పైన మెరిసే పలకను చూస్తే తెలియదు. గట్టు కింద ఉన్న గ్యాస్ లైను, గోడలోని వైరింగు, అరలో గాలి ఆడే జాగా, ఆ ఇంట్లో వాడే గిన్నెలు, ఆ పొయ్యి ముందు నిలబడే మనుషులు, వీటన్నిటినీ చూసిన తర్వాతే తెలుస్తుంది.

గ్యాస్ హాబ్ తీసుకోదలచినవారు మొదట తేల్చుకోవలసింది తమ ఇంటికి వచ్చేది ఏ గ్యాస్ అన్నది. సిలిండర్‌లో వచ్చే ఎల్పీజీ, గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువు రెండూ నీలిమంటతోనే మండినా వాటి స్వభావాలు వేరు. ఎల్పీజీలో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్ కాగా సహజవాయువులో అధికభాగం మీథేన్. ఒకే ఘనపరిమాణంలో తీసుకుంటే ఎల్పీజీ ఇచ్చే వేడి సహజవాయువు ఇచ్చేదానికి సుమారు రెండున్నర నుంచి మూడు రెట్లు ఉంటుంది. అందుకే బర్నర్‌కు గ్యాస్ అందించే జెట్ రంధ్రాన్ని ఎల్పీజీకి సన్నగానూ, సహజవాయువుకు వెడల్పుగానూ చేస్తారు. ఎల్పీజీ జెట్లున్న హాబ్‌కు సహజవాయువు కలిపితే మంట నీరసంగా వస్తుంది, వంట సాగదు. సహజవాయువు జెట్లున్న హాబ్‌కు ఎల్పీజీ కలిపితే మాత్రం మంట పొడవుగా, పసుపు రంగులో లేచి గిన్నెలకు మసి పట్టిస్తుంది, గ్యాస్ పూర్తిగా కాలక వాసనా రంగూ లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ వంటగదిలోకి వస్తుంది. నేడు సిలిండర్ వాడుతూ రేపు గొట్టపు గ్యాస్ రావచ్చని ఎదురుచూసే ఇళ్లవారు రెండో రకం జెట్లు హాబ్‌తో పాటే ఇస్తారా, వాటిని మార్చేటప్పుడు సన్నసెగను సరిచేసే స్క్రూను కూడా సవరిస్తారా అని కొనేముందే అడగాలి. జెట్లు మార్చి ఆ స్క్రూను వదిలేసిన హాబ్‌లలో నాబ్‌ను సిమ్‌లో పెట్టగానే మంట ఆరిపోవడమో, సిమ్‌లో కూడా పెద్దగా మండడమో జరుగుతుంది.

గ్యాస్ రకంతో ముడిపడిన రెండో విషయం ఇంతకంటే ముఖ్యమైనది. ఎల్పీజీ గాలికంటే బరువైనది. లీకైతే నేల మీదకు, అరల అడుగుకు చేరి అక్కడే నిలుస్తుంది. సహజవాయువు గాలికంటే తేలికైనది గనుక పైకప్పు వైపు పోతుంది. గట్టు మీది మామూలు పొయ్యి నుంచి గ్యాస్ లీకైతే గది గాలిలోకి వస్తుంది, వాసన వెంటనే తెలుస్తుంది. హాబ్‌కు వెళ్లే గొట్టం, దాని బిగింపులు తలుపులున్న అరలో ఉంటాయి. ఆ అరకు అడుగున గాలి రంధ్రాలు లేకపోతే, లీకైన ఎల్పీజీ తలుపు తెరిచేదాకా అందులోనే పోగవుతుంది. సిలిండర్‌ను కూడా అదే అరలో పెట్టిన ఇళ్లలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అరల పనివారు అందం చెడుతుందని ఈ రంధ్రాలు వదలరు, ఇంటివారు అడగరు, హాబ్ అమ్మేవారికి అర తమ పని కాదు. ఈ ముగ్గురి మధ్య జారిపోయే ఈ చిన్న పనిని నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ పట్టుబట్టి చేయిస్తున్నాను. గ్యాస్ లీకును పసిగట్టే పరికరం పెట్టుకునేవారు కూడా ఎల్పీజీకి నేలకు దగ్గరగా, సహజవాయువుకు పైకప్పుకు దగ్గరగా బిగించాలి. ఈ ఎత్తులు తారుమారు చేసి బిగించిన పరికరం సమయానికి మోగదు.

మంట ఆరిపోతే గ్యాస్‌ను తనంతట తానే ఆపేసే భద్రతా పరికరం గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేకపోవడం నన్ను చాలా బాధించింది. అది ఉన్న హాబ్‌లో ప్రతి బర్నర్ పక్కనా చిటికెన వేలి గోరంత లోహపు మొన ఒకటి కనిపిస్తుంది, దాన్ని థర్మోకపుల్ అంటారు. మంట వేడికి అది కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తును పుట్టిస్తుంది; ఆ కొద్దిపాటి విద్యుత్తే గ్యాస్ దారిలోని వాల్వును తెరిచి పట్టుకుంటుంది. గిన్నెలోది పొంగి మంట ఆరినా, కిటికీ గాలికి ఆరినా మొన చల్లబడుతుంది, విద్యుత్తు ఆగుతుంది, వాల్వు మూసుకుంటుంది. ఇందుకు బ్యాటరీ అక్కర్లేదు, ఇంటి కరెంటు అక్కర్లేదు. వెలిగించేటప్పుడు నాబ్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవలసి రావడం ఈ పరికరం వల్లనే. అది లోపమనుకొని దాన్ని తీసేయమని అడిగేవారున్నారు, మొన వేడెక్కడానికి పట్టే సమయమే అదని వారికి ఎవరూ చెప్పలేదు. ఈ పరికరం అన్ని హాబ్‌లలోనూ ఉండదు, ఒకే కంపెనీ తయారీలోనే కొన్ని మోడళ్లలో ఉండి కొన్నింటిలో ఉండదు. నొక్కగానే నిప్పురవ్వ పుట్టించే ఆటో ఇగ్నిషన్ వేరు, ఇది వేరు; మొదటిది సౌకర్యం, రెండోది ప్రాణరక్షణ. మతిమరుపు వచ్చిన పెద్దలో, చిన్నపిల్లలో ఉన్న ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనైనా ఇది లేని గ్యాస్ హాబ్‌ను కొనవద్దన్నదే నా అభిప్రాయం.

ఇక బర్నర్లు ఎన్ని అన్న ప్రశ్న కంటే ఏ బర్నర్ శక్తి ఎంత అన్న ప్రశ్న ఉపయోగకరం. సాధారణంగా చిన్న బర్నర్ 1 కిలోవాట్, మధ్యస్థం 1.75 కిలోవాట్లు, పెద్దది 3 కిలోవాట్ల దగ్గర ఉంటాయి; రెండు మూడు వలయాలుగా మండేవి అంతకు మించి ఉంటాయి. నాలుగు బర్నర్లున్నా నాలుగు పెద్ద గిన్నెలు పక్కపక్కన పట్టని హాబ్‌లు చాలా ఉన్నాయి. 60 సెంటీమీటర్ల వెడల్పు పలక మీద నాలుగు బర్నర్లు ఇరికించినదానికంటే, అదే వెడల్పులో మూడు బర్నర్లు ఎడంగా ఉన్నది పెద్ద గిన్నెలు వాడే ఇంటికి మేలు. చిన్న గిన్నె కింద పెద్ద బర్నర్ పెడితే మంట అంచులు దాటి పక్కలకు పోతుంది, పిడి కాలుతుంది, గ్యాస్ వృథా అవుతుంది, వేగం మాత్రం పెరగదు. ఎప్పుడూ సన్నసెగ మీద ఎక్కువసేపు ఉడికించేవారికి పెద్ద బర్నర్ కంటే నిలకడగా మండే 1 కిలోవాట్ చిన్న బర్నరే ఎక్కువ పనికొస్తుంది.

బర్నర్ల కింది పలక గురించి కూడా చెప్పాలి. గ్యాస్ హాబ్‌లకు వాడేది ఎక్కువగా దృఢపరచిన గాజు, అంటే టఫెన్డ్ గ్లాస్. అది మామూలు గాజు కంటే బలమైనదే అయినా, పగిలితే ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలైపోతుంది. బర్నర్ మూత సరిగ్గా కూర్చోకపోతే మంట దాని కింద నుంచి వెలువడి గాజును ఒకేచోట కాలుస్తుంది. రెండు బర్నర్లను కప్పేంత వెడల్పైన పెనం పెట్టినా వేడి వెనక్కి తన్ని పలక మీద పడుతుంది. శుభ్రం చేశాక మూతను దాని గాడిలో సరిగ్గా కూర్చోబెట్టడం ఇందుకే తప్పనిసరి. బరువైన పాత్రలు, వెడల్పైన పాత్రలు రోజూ వాడేవారికి నేను స్టెయిన్‌లెస్ స్టీల్ పలకనే సూచిస్తాను. దాని మీద గీతలు పడతాయి, గాజు మెరుపు దానికి రాదు, అయినా అది పగలదు.

విద్యుత్ హాబ్‌ల దగ్గర ఎక్కువమంది తడబడేది రెండు రకాలను ఒకటిగా అనుకోవడంలో. రెండింటికీ పైన నల్లటి పలకే ఉంటుంది. ఆ పలక టఫెన్డ్ గ్లాస్ కాదు, గాజు సిరామిక్. 1950ల తొలినాళ్లలో కార్నింగ్ సంస్థ శాస్త్రవేత్త డొనాల్డ్ స్టూకీ ఒక గాజు నమూనాను కొలిమిలో పెట్టినప్పుడు ఉష్ణోగ్రత అనుకున్నదానికంటే చాలా ఎక్కువై, కరిగిపోతుందనుకున్న గాజు గట్టి సిరామిక్‌గా మారడంతో ఈ పదార్థాల కుటుంబం వెలుగులోకి వచ్చింది. హాబ్‌లకు వాడే రకం వేడికి దాదాపు వ్యాకోచించదు, కాబట్టి ఒక వలయం, అంటే గిన్నె పెట్టే గుండ్రటి చోటు, ఎర్రగా కాలుతున్నా పక్కన చల్లగా ఉన్న భాగం చిట్లదు. ఆ పలక కింద ఏముందన్నదాన్ని బట్టి హాబ్ రకం మారుతుంది. ఒక రకంలో తీగ లేదా రిబ్బను విద్యుత్తుతో ఎర్రగా కాలి, పలకనూ, పలక ద్వారా గిన్నెనూ వేడిచేస్తుంది. దీనికి అడుగు చదునుగా ఉంటే చాలు, ఏ లోహపు గిన్నె అయినా పనిచేస్తుంది, అయితే వేడెక్కడానికీ చల్లారడానికీ సమయం తీసుకుంటుంది, ఆపాక కూడా పలక చాలాసేపు చేయి కాలేంత వేడిగా ఉంటుంది. రెండోది ఇండక్షన్.

ఇండక్షన్‌లో పలక కింద రాగి తీగచుట్ట ఉంటుంది. సెకనుకు 20 వేల ఆవృతులకు మించిన ఏకాంతర విద్యుత్తు, అంటే దిశ మారుతూ ఉండే విద్యుత్తు, అందులో ప్రవహించి, మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం గిన్నె అడుగులోనే విద్యుత్తును ప్రేరేపించి గిన్నెనే వేడెక్కిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. వేడి నేరుగా గిన్నెలో పుడుతుంది గనుక వృథా తక్కువ. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 314 కిలోజూళ్ల శక్తి కావాలి. 2 కిలోవాట్ల ఇండక్షన్ వలయం తన శక్తిలో 85 శాతాన్ని నీటికి చేరవేస్తుందనుకుంటే ఇందుకు మూడు నిమిషాలకు కొంచెం ఎక్కువ పడుతుంది. 3 కిలోవాట్ల గ్యాస్ బర్నర్ సగం వేడినే గిన్నెకు అందిస్తుందనుకుంటే మూడున్నర నిమిషాలు పడుతుంది. కాగితం మీద కిలోవాట్ల అంకె పెద్దదైనంత మాత్రాన ఆ పొయ్యి వేగమైనది కాదని చెప్పడానికే ఈ లెక్క వేశాను.

అయితే ఇండక్షన్‌కు గిన్నె అడుగును అయస్కాంతం గట్టిగా పట్టుకోవాలి. అచ్చమైన అల్యూమినియం, రాగి, ఇత్తడి, గాజు, మట్టి పాత్రలు మామూలు ఇండక్షన్ హాబ్ మీద వేడెక్కవు. స్టీల్ అంతా పనికొస్తుందని కూడా అనుకోకూడదు, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీల్‌ను అయస్కాంతం పట్టుకోదు. అడుగు గుండ్రంగా ఉన్న బాణలి చదునైన పలక మీద కుదురుగా నిలవదు, నిలిచినా వేడి దాని నడుమనే పుడుతుంది. కాబట్టి ఇండక్షన్ హాబ్ కొనాలనుకునేవారు దుకాణానికి వెళ్లేముందు ఒక చిన్న అయస్కాంతం తీసుకొని ఇంట్లోని ప్రతి గిన్నె అడుగునా ఆనించి చూసుకోవాలి. సగానికి పైగా గిన్నెలు మార్చవలసి వస్తే ఆ ఖర్చును కూడా హాబ్ ఖర్చులోనే లెక్కించుకోవాలి. ఎంతో ఇష్టంగా దాచుకున్న పాత్రలను వదులుకోవడం ఇష్టం లేకపోతే గ్యాస్ వైపే మొగ్గడం తప్పు కాదు.

ఇండక్షన్‌లో సన్నసెగ నాణ్యత గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. మంచి యంత్రాలు తక్కువ స్థాయిలో కూడా వేడిని ఎడతెగకుండా ఇస్తాయి. నాసిరకంవి కొన్ని క్షణాలు బలంగా వేడిచేసి, కొన్ని క్షణాలు పూర్తిగా ఆగి, మళ్లీ మొదలవుతాయి. సగటున వేడి అంతే అయినా గిన్నెలోది ఒకసారి కుతకుతలాడి ఒకసారి నిమ్మళిస్తుంది, అడుగంటుతుంది. కొనేముందు కొద్ది నీళ్లు కాచి, తర్వాత తక్కువ స్థాయిలో పెట్టి రెండు నిమిషాలు గమనిస్తే ఈ తేడా కంటికే కనిపిస్తుంది. ఆ రెండు నిమిషాలు చూడనివ్వమని దుకాణంవారిని అడగడానికి ఎవరూ మొహమాటపడకూడదు.

తర్వాతది వైరింగు. నాలుగు వలయాల ఇండక్షన్ హాబ్ మొత్తం శక్తి తరచుగా 7 కిలోవాట్లు దాటుతుంది. 230 వోల్టుల సరఫరా ఉన్నచోట 7.4 కిలోవాట్లంటే సుమారు 32 ఆంపియర్లు. మిక్సీకీ ఫ్రిజ్‌కీ వేసిన ప్లగ్గు పాయింటు దీన్ని మోయలేదు. మీటరు బోర్డు నుంచి తగిన మందం గల తీగతో విడిగా లైను, దానికి సొంత ఎం.సి.బి. (భారం మించితే కరెంటును తనంతట తానే ఆపే స్విచ్చు), మంచి ఎర్తింగు కావాలి. ఆ వీలు లేని ఇళ్లకోసం మొత్తం వాడకాన్ని 3 కిలోవాట్ల లోపు కట్టడిచేసే హాబ్‌లు కూడా వస్తున్నాయి, కానీ వాటిలో అన్ని వలయాలూ ఒకేసారి పూర్తి బలంతో పనిచేయవు. హాబ్ లోపలి ఫ్యాన్‌కు కింద నుంచి గాలి అందాలి. సొరుగును హాబ్ అడుగుకు ఆనించి బిగిస్తే లోపలి సర్క్యూట్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతుంది. యంత్రం పాడైందని నన్ను పిలిపించిన ఇళ్లలో కొన్నిచోట్ల సొరుగులో కుక్కిన కాగితాలు తీయడంతోనే పని పూర్తయింది. కరెంటు నిలకడ లేనిచోట ఇండక్షన్ ఒక్కటే ఉంచుకోవడం మంచిది కాదు. అలాంటి ఇళ్లకు రెండు గ్యాస్ బర్నర్లు, రెండు ఇండక్షన్ వలయాలు కలిసిన హాబ్ నాకు సరైనదనిపిస్తుంది, అయితే గ్యాస్ జాగ్రత్తలు, విద్యుత్ జాగ్రత్తలు రెండూ ఆ ఒక్క అరలోనే తీసుకోవాలి.

వంటగది గాలిని కూడా ఎంపికలో భాగంగానే చూడాలి. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది, అది ఊపిరితిత్తులకు, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారికి హాని చేస్తుంది. ఈ వాయువుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన వార్షిక సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములుగా ఉండేది, 2021లో దాన్ని 10కి తగ్గించారు. బయటికి గాలిని పంపే చిమ్నీ గానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ లేని, కిటికీ లేని చిన్న వంటగదిలో ఎక్కువ బర్నర్ల గ్యాస్ హాబ్ పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను. గాలిని వడకట్టి తిరిగి గదిలోకే వదిలే చిమ్నీ నూనె జిడ్డును ఆపుతుందే తప్ప ఈ వాయువులను బయటికి పంపదు. చిమ్నీకీ హాబ్‌కీ మధ్య విద్యుత్ హాబ్ అయితే 65, గ్యాస్ హాబ్ అయితే 75 సెంటీమీటర్ల ఎడం ఉండాలని చాలామంది తయారీదారులు చెబుతారు. కొన్న యంత్రంతో వచ్చిన కాగితంలోని కొలతనే పాటించాలి.

ఆ హాబ్‌ను వాడే మనుషుల గురించి ఆలోచించేవారు మరీ తక్కువ. నున్నటి గాజు మీద తాకితే పనిచేసే మీటలు చూపు మందగించినవారికి పెద్ద కష్టం. వేలికి ఏదీ తగలదు, వేడి ఎంతలో ఉందో తడిమి తెలుసుకునే వీలుండదు, చేయి తడిగా ఉంటే అవి పలకవు. అటువంటివారున్న ఇంట్లో తిప్పే నాబ్‌లున్న హాబ్ తీసుకోవడం వారి స్వతంత్రతను కాపాడడమే. గ్యాస్ అయినా ఇండక్షన్ అయినా నాబ్‌లున్న రకాలు దొరుకుతాయి, అడగాలి అంతే. పిల్లలున్న ఇంట్లో మీటలకు తాళం వేసే సౌకర్యం, పలక ఇంకా వేడిగా ఉందని చూపే దీపం తప్పనిసరిగా ఉండాలి. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు పనిచేస్తున్న ఇండక్షన్ హాబ్‌కు కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలన్న సలహా ఉంది. రోజూ దాని మీద వండవలసినవారైతే కొనేముందే తమ వైద్యుణ్ణి అడగాలి.

రాతిని కోయడానికి ముందు హాబ్ ఇంటికి రావాలి, లేదా కనీసం దాని కొలతల కాగితమైనా రావాలి. పైన 60 సెంటీమీటర్లు కనిపించే హాబ్‌లన్నిటికీ కింద కోత ఒకే కొలత కాదు, ఎక్కువ కోసిన రాయి తిరిగి అతకదు.

ఇకమీదట మీ గృహాలంకరణ పేజీలో ఏ హాబ్ గురించి రాసినా, దాని బొమ్మ పక్కనే ఏ గ్యాస్‌కు జెట్లు బిగించారు, మంట ఆరితే గ్యాస్‌ను ఆపే పరికరం ప్రతి బర్నర్‌కూ ఉందా, ఒక్కో బర్నర్ లేదా వలయం శక్తి ఎంత, విద్యుత్ హాబ్ అయితే ఎన్ని ఆంపియర్ల లైను కావాలి, రాతిలో కోత కొలత ఎంత, అడుగున గాలికి ఎంత జాగా వదలాలి అన్న వివరాలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఇవన్నీ ప్రతి హాబ్‌తో వచ్చే కాగితంలో ఉండేవే కాబట్టి, మీ విలేకరులు అడిగితే అమ్మకందార్లు ఇవ్వగలరు. అమ్మకందారు ఇవ్వలేని వివరం ఏదైనా ఉంటే, అది ఇవ్వలేదన్న సంగతిని కూడా ప్రచురించండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు